రఫ్ నోటుకు మార్కుల్లేవు

‘మీ సొంత మాటల్లో రాయండి’ అన్న ప్రశ్నకు ఆ సొంత మాటలు ఎక్కడ దొరుకుతాయో బొగ్గు గనుల ఊరైన గోదావరిఖనిలో ఏ పదో తరగతి పిల్లవాణ్ణడిగినా చెబుతాడు: పుస్తకాల దుకాణంలో, గైడులో. 2014–15లో పదో తరగతి పరీక్షల తీరు మార్చినప్పుడు ఉద్దేశం మంచిదే. పాఠం వెనకున్న ప్రశ్నలు ఉన్నవున్నట్టు అడగొద్దు, పిల్లలు ఆలోచించి తమ అభిప్రాయం రాయాలి అన్నారు. గైడ్ల వాళ్లు ఈ సంస్కరణను మనస్ఫూర్తిగా స్వాగతించారు. పిల్లల తరఫున తామే ఆలోచించి, అభిప్రాయాలు కూడా ఏర్పరచుకుని, వాటికి నంబర్లు వేసి అమ్మారు. దాంతో తరగతి మొత్తానికి ఒకటే సొంత అభిప్రాయం, కామాలతో సహా. కాలుష్యం మీద కలెక్టరుకు లేఖ రాయమంటే, ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగుకు ఇంటిగోడ నెర్రెలిచ్చిన పిల్ల మూసీ మురుగు గురించి బాధపడుతుంది. గైడు హైదరాబాదులో పుట్టింది మరి!

నమూనా జవాబు మీద నాకు కోపం లేదు. మంచి రాత ఎలా ఉంటుందో చూడకుండా ఎవరికీ రాయడం రాదు. అయితే నమూనాను ముందు పెట్టి, ఈ మొదటి వాక్యం ఎందుకుంది, ఈ ఉదాహరణ తీసేస్తే ఏం పోతుంది అని అడగడం వేరు. రేపటికి అప్పజెప్పమనడం వేరు. మన బళ్లలో రెండోదాన్నే బోధన అంటున్నారు. ఇక చిత్తుప్రతి ఊసే లేదు. రఫ్ నోటంటే లెక్కల కూడికలకు, చివరి పేజీలో హీరో బొమ్మకు. తనిఖీకి వచ్చినవారు అడిగేది ఫెయిర్ నోటు. అందులో కొట్టివేత కనిపిస్తే శుభ్రత లేదంటారు. గురజాడ కన్యాశుల్కాన్ని 1892లో ఆడించి, 1897లో అచ్చువేసి, అప్పటికీ తృప్తి లేక దాదాపు కొత్త నాటకమన్నట్టు తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశాడు. మన తనిఖీలో ఆయనకు దస్తూరీ మార్కులు కూడా దక్కేవి కావు.

చూసి ఎక్కించే ఈ పద్ధతి బొగ్గుబాయిలో చెల్లదు. షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ తన హద్దంతా తిరిగి, రూఫ్, పక్కలు, గాలి, గ్యాసు ఎలా ఉన్నాయో స్వయంగా చూసి రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం చేయాలని గనుల నిబంధనలు చెబుతున్నాయి. నిన్నటి రిపోర్టునే ముత్యాల్లాంటి అక్షరాలతో ఇవాళ ఎక్కించినా అది అబద్ధమే, దాన్ని నమ్మి మనుషులు లోపలికి దిగుతారు. అదే సర్దారు ఇంట్లో కూతురు తను చూడనిది చూసినట్టు, అనుకోనిది అనుకున్నట్టు రాసి పదికి పది తెచ్చుకుంటే మాత్రం కాలనీ అంతా మిఠాయిలు పంచుతాం.

ఇన్ని నోట్లు రెండేసిసార్లు దిద్దేదెవరని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ గైడు రచయిత బాగా రాశాడని ప్రతి నోటులో, ప్రతి పేజీలో ఎర్ర టిక్కు పెట్టడానికి ఇప్పుడు తీరిక ఎక్కణ్ణుంచి వస్తోంది? ఏడాదికి ఎఫ్ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు) నాలుగు. ప్రతిదాంట్లో రాతపనులకు చోటుంది. ఎఫ్ఏకు ఒక్క వ్యాసం, రెండు ప్రతులు చాలు. మొదటి ప్రతిని పక్క బెంచీ పిల్ల చదివి, అర్థం కానిచోట ప్రశ్న రాయాలి. టీచరు ఒక్క పేరా మీద ఆగి మాట్లాడాలి. మిగతా తప్పులు రెండో ప్రతి దాకా బతికి ఉన్నా ప్రపంచం మునిగిపోదు.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని పిల్లలు కంఠస్థంతోనే గట్టెక్కుతారు, ఆ ఆసరా లాగేయొద్దు అని. మార్చిలో పాసవడం చిన్న సంగతి కాదు, అందులో వెక్కిరించాల్సింది ఏమీ లేదు. కానీ రాసింది చదివి ‘ఇక్కడ నాకర్థం కాలేదు’ అని చెప్పే అక్కో బాబాయో ఇంట్లో ఉన్న పిల్లకు బడిలో చిత్తుప్రతి లేకపోయినా నడుస్తుంది. లేని పిల్లకు ఆ మనిషి దొరికేది బడిలోనే. ఆ పిల్లకు నమూనా కూడా ఒకటి చాలదు, రెండు కావాలి: ఒకటి ఓ మోస్తరుది, ఒకటి మంచిది. రెండింటికీ తేడా ఏమిటో తనే కనిపెట్టాలి. అప్పజెప్పడానికి పనికిరాని నమూనాలంటే అవే.

రెండు ప్రతులకు మార్కులు పెడితే గైడ్ల వాళ్లు ఊరుకోరని, ‘మోడల్ చిత్తుప్రతులు, కొట్టివేతలతో సహా’ అని వచ్చే జూన్‌కల్లా అచ్చువేస్తారని నాకూ తెలుసు. వేయనివ్వండి. ఆ వాక్యం ఎందుకు కొట్టేశావని టీచరు అడిగితే చెప్పాల్సిన జవాబును కూడా వాళ్లే అమ్మాల్సి వస్తుంది, అప్పుడు ఆ గైడును మోసుకెళ్లడానికి సింగరేణి డంపర్ కావాలి.