కన్వీనర్ గారు

ప్రతి పదో తరగతిలోనూ ఒక ఫస్టు వచ్చేవాడుంటాడు. గోడ దూకి మ్యాట్నీకి పోయేవాడుంటాడు. ఫలానా అమ్మాయి సైకిల్ చైను మన వీధిలోనే ఊడాలని దేవుడికి మొక్కుకునేవాడూ ఉంటాడు. వీళ్లెవరూ కాకుండా, మూడో బెంచీలో గోడవారగా కూర్చుని, హాజరు వేసేటప్పుడు తప్ప గొంతు వినిపించనివాడు ఒకడుంటాడు. ముప్పై ఏళ్లు గడిచాక ఫస్టు వచ్చినవాడు డల్లాస్‌లో తేలతాడు, గోడ దూకినవాడు మండల రాజకీయాల్లో తేలతాడు, మొక్కుకున్నవాడు షుగరు మాత్రలు మింగుతూ ఉంటాడు. ఆ గోడవార మనిషి మాత్రం ఒక శుభోదయాన మన ఫోన్‌లోకి ప్రవేశిస్తాడు. ‘ఏరా, గుర్తుపట్టావా?’ అంటాడు. పట్టం. పట్టలేదని చెప్పే ధైర్యమూ మనకుండదు. అంతే, ఆయన కన్వీనర్, మనం సభ్యులం.

మా కన్వీనర్ గారిదీ మాదీ 1994-95 బ్యాచ్. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఎ, బి రెండు సెక్షన్లు. ఆయన్ని ఎవరు ఎన్నుకున్నారని అడక్కండి. గ్రూపు పెట్టినవాడే అడ్మిన్, అడ్మినే కన్వీనర్, కన్వీనరే కోశాధికారి. డల్లాస్ వాడికి గౌరవాధ్యక్ష పదవి ఇచ్చారు. వాడు అడగలేదు, నిద్ర లేచేసరికి అయిపోయి ఉంది. వృత్తిరీత్యా కన్వీనర్ గారు బీమా ఏజెంటు. ఆ సంగతికీ ఈ ఆత్మీయతకీ సంబంధం లేదని ఆయనే చాలాసార్లు చెప్పారు. గ్రూపులో సగం మందికి పాలసీలున్న మాట మాత్రం నిజం.

ఆయన దినచర్య తెల్లవారుజామున మొదలవుతుంది. అయిదుంపావుకి ఉదయభానుడి బొమ్మ, దాని కింద ఎవరో అన్న సూక్తి, దాని కింద వివేకానందుడి పేరు. ఆపైన పుట్టినరోజులు. సర్కారు బళ్లో చదివినవాళ్లకి ఈ పుట్టినరోజుల మర్మం తెలుసు. బడిలో వేసే నాడు నాన్నకి తేదీ గుర్తుండదు, ‘తుపానొచ్చిన ఏడు’ అంటాడు. హెడ్మాస్టరుగారు వేళ్లమీద లెక్కగట్టి, బడి తెరిచేనాటికి వయసు సరిపోయేలా జూన్ ఒకటో, జులై ఒకటో వేసేస్తారు. ఆ ధర్మమా అని జులై ఒకటిన మా బ్యాచ్‌లో 14 మంది పుట్టారు. కన్వీనర్ గారు 14 మందికీ విడివిడిగా 14 కేకుల బొమ్మలు పెడతారు. ఆ 14 మందీ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుని, మిగతావాళ్లకి పేరుపేరునా ధన్యవాదాలు చెప్పేసరికి జులై రెండు వస్తుంది. నిజంగా పుట్టిన రోజున ఎవరినీ ఎవరూ పలకరించరు.

పదో తరగతిలో ఆయన ఉన్నారనడానికి మిగిలిన ఆధారాలు రెండే. ఒకటి స్వపరిపాలన దినోత్సవం. ఆ రోజు తెలివైనవాడు హెడ్మాస్టరు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు డ్రిల్లు మాస్టారు, కళ్లజోడున్నవాడు డీఈఓ, ఎర్రగా ఉన్నవాడు కలెక్టరు. ఈయన అటెండరు. చెట్టుకి వేలాడే రైలుపట్టా ముక్కని ఇనుప కడ్డీతో కొట్టి గంట మోగించడం ఆయన పని. రెండోది గ్రూపు ఫొటో. బెంచీ ఎక్కి నిలబడ్డ ఆఖరి వరసలో, మా అందరిలోకీ పొడుగువాడి భుజం వెనక ఒక చెవి కనిపిస్తుంది. ఆ చెవి ఆయనదే. ఫొటో పెట్టినప్పుడల్లా దాని చుట్టూ ఎర్రగీత చుట్టి మరీ పెడతారు. బి సెక్షన్ వాడొకడు అది తన చెవి అన్నాడు. వాణ్ణి రెండు రోజులు గ్రూపులోంచి తీసేశారు.

అంత తక్కువ కనిపించిన మనిషికి ఆ ఏడాది గురించి అంత ఎక్కువ ఎలా గుర్తుందన్నది నా సందేహం. మాకు తెలిసిన పదో తరగతి ఇంకోలా ఉంటుంది. వానొస్తే గది కారేది. డిసెంబరు దాకా సాంఘికశాస్త్రానికి మాస్టారు లేరు. వచ్చినాయన సిలబస్ అంతా రెండు నెలల్లో నోట్సు రాయించి మా వేళ్లు వంకర్లు తిప్పేశారు. రాత్రిపూట స్టడీ అవర్లలో పాఠాలకంటే దోమలు ఎక్కువ వంటబట్టాయి. అన్నిటికీ మించి ఫలితాల రోజు. బస్టాండు దగ్గర పేపరు పట్టుకుని, ఫస్టు క్లాసులో నంబరు లేక, సెకండు క్లాసులోనూ లేక, థర్డు క్లాసు వరసలోకి వేలు దిగేలోపు నోట్లో తడారిపోయేది. కన్వీనర్ గారి పదో తరగతిలో ఇవేవీ లేవు. అక్కడ వానలు కురుస్తాయి గానీ కప్పు కారదు. ‘ప్రేమికుడు’ సినిమాకి గోడ దూకి వెళ్లిన నలుగురి కథ ఆయన ఏడాదికోసారి చెబుతారు. చెప్పినప్పుడల్లా ఒకడు పెరుగుతున్నాడు. ఈ మధ్య లెక్కలో అయిదోవాడు ఆయనే. అసలు నలుగురిలో నేనొకణ్ణి, ఈయన వచ్చినట్టు నాకు జ్ఞాపకం లేదు. కానీ ప్రభుదేవా ప్యాంటు కుట్టడానికి ఎన్ని గజాలు పడుతుందో ఇంటర్వెల్లో నాతో పందెం కాశానని, నేను ఓడి పల్లీలు కొనిపెట్టానని ఆయన చెబుతుంటే కొనే ఉంటాననిపిస్తోంది. అంత వివరంగా గుర్తున్నవాడి ముందు నిజంగా వెళ్లినవాడి జ్ఞాపకం నిలుస్తుందా?

మనుషుల్ని వెతికి పట్టుకోవడంలో మాత్రం ఆయనకి వంక పెట్టలేం. మగవాళ్లు తేలిక. ఇంటిపేరు మారదు, ఊళ్లో పొలమో, పాలివాళ్లతో పేచీయో ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. ఆడవాళ్ల దగ్గరే అసలు పరీక్ష. బడి రిజిస్టర్‌లో ఉన్నది పుట్టింటి పేరు, ఇప్పుడున్నది అత్తింటి పేరు, మధ్యలో రెండు మూడు ఊళ్లు. ఆ ఏడాదంతా ‘ఒకసారి స్కేలు ఇస్తావా’ అని అడగడానికి కూడా నోరు పెగలని మనిషి, కిరాణా కొట్లోనూ పాలకేంద్రంలోనూ ఆరాలు తీసి నంబర్లు సంపాదించారు. ఫోన్ ఎత్తేది భర్త.

‘ఎవరండీ?’

‘నేను... మీ ఆవిడా నేనూ కలిసి టెన్త్ చదివామండీ.’

‘అయితే?’

ఈ ‘అయితే’కి ఆయన దగ్గర జవాబు లేదు. నాలుగైదు చోట్ల దెబ్బతిన్నాక పద్ధతి మార్చి, వాళ్లావిడ చేత ఫోన్లు చేయించడం మొదలుపెట్టారు. ఆవిడ వేరే ఊళ్లో, వేరే బళ్లో చదువుకున్న మనిషి. ఇప్పుడు మా బ్యాచ్ ఆడవాళ్లందరూ ఆవిడకి ప్రాణస్నేహితులు. ఆవిడ సొంత బ్యాచ్ ఎక్కడుందో ఎవరూ వెతకలేదు.

2018లో తమిళంలో ‘96’, 2020లో తెలుగులో ‘జాను’ వచ్చి ఈ పని ఇంకా కష్టం చేశాయి. బడి స్నేహితుల కలయికలో పాత ప్రేమ ఎదురుపడే ఆ కథ చూసిన ప్రతి ఇల్లాలూ ‘ఇంతకీ మీ జాను కూడా వస్తోందా?’ అని అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది గానీ, జవాబు వచ్చేదాకా చేతిలో గరిటె కదలదు. అందుకని కన్వీనర్ గారు ఆహ్వానాన్ని ‘సోదర సోదరీమణులారా’ అని మొదలుపెట్టి, ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని ముగించారు. అయినా సమ్మేళనానికి వారం ముందే మా ఊరి కొట్లో తలకి వేసే రంగు ప్యాకెట్లు అయిపోయాయి.

ఒకామె మాత్రం తనే ఫోన్ చేసింది. ‘నాకు మాఘమాసంలో పెళ్లి చేసి బడి మాన్పించారండీ, పరీక్ష రాయలేదు. నేను రావచ్చా?’ అంది. గ్రూపులో పెద్ద చర్చ లేచింది. బ్యాచ్ అంటే చదివినవాళ్లా, పరీక్ష రాసినవాళ్లా, పాసైనవాళ్లా? దేనికైనా ఒక నియమం ఉండాలని లాయరు మిత్రుడన్నాడు. పాసైనవాళ్లే అన్నామంటే లాయరుగారి సప్లిమెంటరీ సంగతేమిటని ఇంకెవరో అందుకున్నారు. అర్ధరాత్రి దాటాక కన్వీనర్ గారు లావుపాటి అక్షరాల్లో తీర్పు చెప్పారు: ‘హాజరుపట్టీలో పేరున్న ప్రతివాళ్లూ మనవాళ్లే. చర్చ ముగిసింది.’ తెల్లారేసరికి ఆమె పేరు ఫ్లెక్సీ మొదటి వరసలోకి వెళ్లింది. ఆ ఒక్క రాత్రి మాత్రం ఆయన్ని కన్వీనర్ చేసినవాళ్లలో నేనూ ఉంటే బాగుండేదనిపించింది.

సమ్మేళనం కనుమ మర్నాడు. గంట ఆయనే కొట్టారు, ఎవరో వచ్చి చేతిలో కడ్డీ లాక్కునేదాకా. తర్వాత ప్రార్థన, తర్వాత ప్రతిజ్ఞ. పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు 1962లో రాసిన ఆ ప్రతిజ్ఞలో ఇన్నేళ్లయినా ఒక్కరికీ ఒక్క ముక్క తప్పు పోలేదు. చాచిన చేతులే సగంలో కిందికి దిగాయి. నలభయ్యయిదు దాటితే భుజాలు పట్టేస్తాయని బడిపిల్లల కోసం రాసినాయన ఎందుకు ఆలోచిస్తారు! హాజరు పిలుస్తుంటే బట్టతలలు ఒక్కొక్కటే లేచి ‘ప్రెజెంట్ సార్’ అన్నాయి.

ఇక గురువులు. సంక్రాంతికీ ఎండాకాలం సెలవులకీ రిటైరైన మాస్టార్లు దొరకడం పురోహితులు దొరకడం కంటే కష్టం. మా లెక్కల మాస్టారికి ఆ ఉదయం పక్క ఊళ్లో 1988 వాళ్లది అయింది, మధ్యాహ్నం మాది, సాయంత్రం 2001 వాళ్లది ఉంది. ఇంట్లో చీరల బీరువా శాలువాలకి ఇచ్చేశామని, మెమెంటోలు మేడమీద గది దాటి మెట్లమీదికి వచ్చాయని అమ్మగారే చెప్పారు. కప్పిన శాలువాని మాస్టారు మడిచే తీరులోనే అనుభవం తెలుస్తుంది. ‘నా సర్వీసు మొత్తంలో మీలాంటి బ్యాచ్‌ని చూడలేదర్రా’ అన్నారు. చప్పట్లు. పొద్దున 1988 వాళ్లూ ఇలాగే కొట్టి ఉంటారు. మేమూ తక్కువ తినలేదు. ఆయన బెత్తం రుచి చూసిన ప్రతివాడూ మైకు పుచ్చుకుని, ఆ దెబ్బల వల్లే ఈ స్థితికి వచ్చానన్నాడు. ఏ స్థితికో చెప్పలేదు. తన కొడుకుని బళ్లో ఎవరైనా గట్టిగా కసిరితే ప్రిన్సిపాల్ గదిలో టేబుల్ గుద్దేది ఈ పెద్దమనుషులే.

కన్వీనర్ గారు మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టి, ‘నన్ను గుర్తుపట్టారా సార్?’ అన్నారు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని ఎగాదిగా చూశారు. ముప్పై ఏళ్లపాటు పిల్లల్ని చూసినవారికి ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో తెలుసు. ‘నిన్ను మర్చిపోవడమేంట్రా, క్లాసంతటికీ నువ్వే కదూ మహా అల్లరివాడివి!’ అన్నారు. కన్వీనర్ గారికి మాట రాలేదు. కళ్లు తుడుచుకున్నారు. ఫొటోగ్రాఫర్ వచ్చాక ఇంకోసారి తుడుచుకున్నారు.

బడికి ఏదైనా ఇచ్చి తీరాలన్నది ఆయన పట్టు. మంచినీళ్ల ప్లాంటు అనుకున్నాం. ఇప్పటి హెడ్మాస్టరుగారు మమ్మల్ని వరండా చివరికి తీసుకెళ్లి చూపించారు. అక్కడ ఒక బ్యాచ్ ఇచ్చిన ప్లాంటు, పక్కనే ఇంకో బ్యాచ్ ఇచ్చిన ప్లాంటు ఉన్నాయి. రెండిటికీ శిలాఫలకాలున్నాయి, రెండిట్లోనూ నీళ్లు రావు. ‘వీటికి ఫిల్టర్లు మార్పిస్తే చాలండీ, పిల్లలు తాగుతారు’ అన్నారాయన. సబబైన మాటే, కానీ ఫిల్టరుకి శిలాఫలకం ఎక్కడ తగిలిస్తాం? చివరికి సరస్వతీదేవి విగ్రహం ఖాయమైంది. బళ్లో ఇదివరకే ఒక సరస్వతి ఉంది గానీ ఆవిడ కూర్చుని ఉంది, మాది నిలబడ్డ సరస్వతి. చందాలిచ్చిన వాళ్లలో ఒక్కరి పిల్లలూ ఆ బళ్లో చదవరు కాబట్టి నీళ్ల గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఆడవాళ్లు వెళ్లిపోయాక జరిగిన కార్యక్రమం ఆహ్వానంలో లేదు. మేం పదో తరగతిలో ఉండగానే, 1995 జనవరిలో, రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. నిషేధంలో టెన్త్ గట్టెక్కిన బ్యాచ్ మనదని, ఆ పేరుకి మచ్చ రానివ్వకూడదని కన్వీనర్ గారు నిలబడి ఉపన్యసించారు. ఉపన్యాసం అయ్యేలోపు సోడాలు వచ్చేశాయి.

మర్నాడు జిల్లా పేజీలో వార్త పడింది. మధురస్మృతులు నెమరువేసుకున్నామని, ఆనందంగా గడిపామని ఉంది. రాని డల్లాస్ వాడి పేరు మొదట ఉంది. మండల రాజకీయాల వాడి పేరు రెండుసార్లు ఉంది. ఆఖర్న ‘తదితరులు పాల్గొన్నారు’ అని ఉంది. ఆ తదితరుల్లో కన్వీనర్ గారున్నారు. ఆ రోజు అయిదుంపావుకి సూర్యుడు రాలేదు. తొమ్మిదింటికి ఆయన విలేకరికి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడారు. సవరణేమీ పడలేదు గానీ, ఆ విలేకరి ఇప్పుడు ఆయన దగ్గర పాలసీ కడుతున్నాడు.

తర్వాత జమాఖర్చులు పెట్టారు. భోజనాలు, టెంటు, ఫ్లెక్సీలు, శాలువాలు, పూలదండలు, విగ్రహం, ఇతరములు. సోడాలు ఇతరముల్లో సర్దుకున్నాయి. అన్నీ పోను 1,140 రూపాయలు మిగిలాయి. గ్రూపులో చేరిన నాటినుంచి నోరు మెదపనివాళ్లు కూడా ఈ 1,140 మీద మెదిపారు. ఒకడు గోశాలకన్నాడు, ఒకడు అన్నదానానికన్నాడు, చెవి తనదన్న బి సెక్షన్ వాడు సెక్షన్‌కి 570 చొప్పున పంచేయమన్నాడు. లాయరు మిత్రుడు ఆడిట్ అడిగాడు. డల్లాస్ వాడు, బాగా ఆలోచించి, బొటనవేలు బొమ్మ పెట్టాడు. కన్వీనర్ గారు అన్నీ ఓపిగ్గా చదివి, ఈ సొమ్ము సంగతి తేల్చడానికి ఉగాది నాడు సర్వసభ్య సమావేశం ప్రకటించారు. టిఫిను, మధ్యాహ్న భోజనం ఉంటాయి. తలకి మూడొందలు.