పడవ మోటారు గేర్‌బాక్సులో పొరపాటు జరిగిందా? తలకిందులుగా అనిపించే ఈ సలహాలు వినండి

హైటెక్ సిటీకి పడవతో పనేముంది అనేవాళ్లకు 2020 అక్టోబరు గుర్తుచేస్తాను. దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచిన మరుసటి నెలే అది. అక్కడికి దగ్గర్లోనే టోలీచౌకి నదీమ్ కాలనీ నీట మునిగితే జనాన్ని పడవల మీద బయటికి తెచ్చారు. అలాంటి పడవకు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు నడినీళ్లలో మొరాయించకూడదు. అందుకే ఈ మాటలు. స్కూటర్ల మీద చెయ్యి తిరిగినవాళ్లకు ఇవి తప్పుడు సలహాల్లా వినిపిస్తాయి. అయినా పాటించండి.

గేర్‌బాక్సు నూనె కిందినుంచి ఎక్కించండి. స్కూటర్ వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ పై రంధ్రంలోంచే పోస్తాం. ఇక్కడ పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది, నిండకుండానే నిండినట్టు కనిపిస్తుంది. అలా పోసేసి ఉంటే ఇంకాస్త పోసి సరిపెట్టుకోవద్దు. మోటారును నిటారుగా నిలబెట్టి, రెండు స్క్రూలూ తీసి, పోసిన కొత్త నూనంతా దించేయండి. తర్వాత పంపుతో కింది రంధ్రంలోంచి ఎక్కించండి. పై రంధ్రంలోంచి బుడగలు లేని నూనె వచ్చాక ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాతే పంపు తీసి కింది స్క్రూ పెట్టండి. పైన మూసి ఉంటే కింద పెద్దగా కారదు. వాషర్లు మాత్రం కొత్తవే వేయండి. గేర్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిల్ పోసినవాళ్లకూ ఇదే మందు.

పొరపాటున వేరే స్క్రూ తీశారా? కంగారుగా తిరిగి బిగించేయకండి. అన్నిటికంటే ప్రమాదమైన తప్పు ఇదే. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో కొన్నింటికి నూనె దించే మైనస్ స్క్రూకు దగ్గర్లోనే ఒక ప్లస్ స్క్రూ ఉంటుంది. లోపల గేరు మార్చే భాగానికి అదే ఇరుసు. అది తీసినా నూనె కారుతుంది, అందుకే తప్పు వెంటనే తెలియదు. తెలిసిన క్షణం నుంచి గేరు లివరు కదపకండి, ప్రొపెల్లరు తిప్పకండి. లోపలి భాగం ఇంకా తన చోటే ఉంటే స్క్రూ కొన దాని రంధ్రంలోకి సులువుగా దూరుతుంది. వేళ్లతోనే పెట్టి చూడండి. అడ్డు తగిలితే బలవంతం చేయొద్దు. మరలు పట్టేది బయటి గోడకే కాబట్టి, స్క్రూ బిగుసుకున్నంత మాత్రాన కొన లోపల దూరిందని నమ్మడానికి లేదు. అందుకే స్క్రూ పెట్టాక స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, ఇప్పుడు ప్రొపెల్లరును చేత్తో తిప్పుతూ ముందు గేరు, న్యూట్రల్, రివర్స్ మూడూ పడుతున్నాయో లేదో చూడండి. ఒక్కటి పడకపోయినా గేర్‌బాక్సు విప్పాల్సిందే. ఇంజిను స్టార్ట్ చేసి చూద్దాం అనేవాళ్ల మాట అస్సలు వినకండి.

వాటర్ పంపు ఇంపెల్లర్ మార్చి గేర్‌బాక్సును తిరిగి ఎక్కించేటప్పుడు కూడా ఓపిక కావాలి. బోల్టులతో లాగి దగ్గరికి తెస్తే కేసింగ్ పగులుతుంది. ప్రొపెల్లరును మెల్లగా తిప్పుతూ పళ్లు కలిసేదాకా ఆగండి, కలిస్తే అదే లోపలికి జారుతుంది. డ్రైవ్‌షాఫ్ట్ పక్క పళ్లకు గ్రీజు సరే, పై కొన మీద మాత్రం పెట్టొద్దు. అక్కడ పేరుకుంటే షాఫ్ట్ పూర్తిగా ఎక్కదు.

నూనె పాలు కలిపిన కాఫీ రంగులో దిగితే లోపలికి నీరు చేరినట్టే. నూనె మార్చి ఊరుకోవద్దు, బయటినుంచి ఎమ్‌సీల్ పూయొద్దు. ప్రొపెల్లరు విప్పి షాఫ్ట్ చుట్టూ గాలం దారం ఉందేమో చూడండి. చెరువుల్లో తిరిగే పడవల్లో ఆయిల్ సీల్‌ను కోసేది తరచూ అదే. సీల్ మార్చి, గాలి ఒత్తిడితో పరీక్షించాకే నూనె పోయండి. దించిన నూనె చెరువులోకో, నాలాలోకో పోకూడదు. డబ్బాలో పట్టి పాత నూనె కొనేవాళ్లకు ఇవ్వండి.

పడవల బాధ్యత చూసేవాళ్లకు ఒక మనవి. ఈ గేర్‌బాక్సు పని వానలకు ముందే, మే నెలలోనే ముగించండి. నీళ్లలో అరగంట నడిపి, చల్లారాక కింది స్క్రూ కాస్త వదులు చేసి రెండు చుక్కలు చూడండి. ఆ చుక్కలు తేటగా ఉంటేనే పడవను రక్షణ పనికి పంపండి.