షార్టేజీలో పోయే రాష్ట్రపతి

నీలం సంజీవరెడ్డి గారు అదృష్టవంతులు. 1931లో అనంతపురం ఆర్ట్స్ కాలేజీ చదువు మధ్యలో వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి దూకారు, 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఆ ఇల్లూరు పిల్లగాడే ఇప్పుడు కాలేజీలో ఉండి ఆ పని చేస్తే? 75 శాతం హాజరు లేదని బయోమెట్రిక్ మొహమాటం లేకుండా చెప్పేది. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగిపోయేది. 65 దాటితే కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు గానీ, సత్యాగ్రహంలో తిరిగేవాడికి 65 ఎక్కడిది? డిటైన్ చేసి జూనియర్ల పక్కన కూర్చోబెట్టేవారు. దేశానికి ఒక రాష్ట్రపతి తగ్గితే తగ్గాడు, రిజిస్టరు మాత్రం శుభ్రంగా ఉండేది.

1916లో పుట్టిన ఆ కాలేజీలోనే ఒకప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ పాఠం చెప్పారు. ఈ రోజుల్లో అయితే ఆయన్ని గెస్ట్ ఫ్యాకల్టీగా తీసుకుని, పీరియడ్ లెక్కన డబ్బిస్తామనేవారు. ఎప్పుడిస్తారని అడక్కూడదు.

హాజరు రూలు పెట్టాల్సింది ముందు మేఘానికి. అనంతపురానికి ఏడాది మొత్తం మీద రాసిపెట్టి ఉన్నదే 550 మిల్లీమీటర్ల వాన. నైరుతికి పడమటి కనుమలు అడ్డం, ఈశాన్యం కోస్తాలోనే ఖర్చయిపోతుంది. జూన్, జూలైల్లో ఒక్క మంచి పదును పడితే చెనక్కాయ విత్తనం వేయాలి. ఆ పదును రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది, క్లాసు రేపూ ఉంటుంది. మీరే చెప్పండి, రైతు ఇంటి విద్యార్థి ఏది వదులుకోవాలి? పైరు ఎండిపోయి అమ్మానాయనలు బెంగళూరుకు బేల్దారి పనికి పోతే ఇంట్లో అవ్వనూ, గొర్రెలనూ చూసేదెవరు? "విత్తనం ఏస్తాండాము సార్" అని నిజం రాస్తే కండోనేషన్‌కు చెల్లదు. "జ్వరం" అని రాసి డాక్టరు సర్టిఫికెట్ తెస్తే చెల్లుతుంది. కరువుకు ఆ ఫారంలో గడి లేదు.

ఇక చదువు సంగతి. 2015లో సెమిస్టర్లూ క్రెడిట్లూ తెచ్చారు. 2020లో నాలుగేళ్ల ఆనర్సూ, పది నెలల ఇంటర్న్‌షిప్పూ తెచ్చారు. 2021లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు. 2023లో మూడు సబ్జెక్టుల డిగ్రీకి నీళ్లొదిలి సింగిల్ మేజర్ అన్నారు. అక్కది ఒక సిలబస్, తమ్ముడిది ఇంకొకటి, ఒకరి పుస్తకం ఒకరికి పనికిరాదు. ఆ పాత పుస్తకాలు తోపుడు బండి మీద చెనక్కాయల పొట్లాలవుతాయి. ఇక్కడి పంటకు ఉన్నత విద్య చేసిన సేవ ఇంతవరకు అదే.

పది నెలల ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పెద్ద ఫ్యాక్టరీ అంటే పెనుకొండ దగ్గర కియా. 2022లో జిల్లా విడిపోయాక అదీ శ్రీ సత్యసాయి జిల్లా వాటాకు పోయింది. రాయదుర్గంలో జీన్స్ కుడతారు, నిజమే. హిస్టరీ మేజర్ పిల్ల అక్కడ చేరి గుండీల చరిత్ర రాయాలా?

అందులో మొదటి రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, కష్టసుఖాలు రాసుకుని, రిపోర్టు ఇవ్వాలి. ఆలోచన మంచిదే, కాదనను. అమలు చూడాలంటే రిపోర్టులు ఇచ్చే గడువు ముందు రోజు ఏదైనా జిరాక్స్ షాపుకు పోండి. కంప్యూటర్ ముందున్న కుర్రాడు తలెత్తకుండా "ఊరి పేరు చెప్పన్నా" అంటాడు. ఏడాది కింద ఎవరో చేసిన ఫైలు తెరుస్తాడు, రీప్లేస్ ఆల్ నొక్కుతాడు, స్పైరల్ బైండింగ్ వేస్తాడు. ఆ ఫైలు కోనసీమ నుంచి వచ్చిందైతే, కుందుర్పి మండలంలో గుక్కెడు నీళ్లు లేని ఊరికి గోదావరి వరద ముంపు వస్తుంది, కొబ్బరి తోటలు కొట్టుకుపోతాయి. గైడ్ సంతకం పెడతారు. క్రెడిట్లు పడతాయి. వాన రాకున్నా వరద తెప్పించిన ఘనత మన ఉన్నత విద్యది!

డబ్బు దగ్గర రూళ్లు ఇంకా కచ్చితం. పరీక్ష ఫీజు ఒక్కరోజు ఆలస్యమైతే విద్యార్థికి ఫైను. సర్కారు రీయింబర్స్‌మెంటు నెలల తరబడి నిలిపేస్తే దాన్ని మర్యాదగా బకాయి అంటారు. తల్లి ఖాతాలో వేస్తామని ఒక ప్రభుత్వం, కాలేజీకే వేస్తామని ఇంకో ప్రభుత్వం. ఖాతా మారింది గానీ ఎదురుచూపు మారలేదు. బాకీ సర్కారుది, ఆగేది మాత్రం పిల్ల హాల్ టికెట్టు, పిల్లగాడి టీసీ.

అడగొచ్చు కదా అంటారేమో. 2021లో పిల్లలు అడిగారు. ఎయిడెడ్ కాలేజీలు సిబ్బందిని సర్కారుకు అప్పగించడం పూర్తిగా స్వచ్ఛందమని అప్పుడు ప్రభుత్వం చెప్పింది. ఎయిడ్ పోతే ఫీజులు పెరుగుతాయని పిల్లలకు లెక్క తెలిసి, నవంబర్ 8న అనంతపురం ఎస్ఎస్‌బీఎన్ కాలేజీ దగ్గర ధర్నాకు దిగారు. పోలీసులు దిగారు. ఒక అమ్మాయికి రక్తం కారింది. లాఠీ దెబ్బని పిల్లలు, కాదు రాయి తగిలిందని పోలీసులు. కొద్ది రోజులకే ప్రభుత్వం మెమో ఇచ్చింది: ఆప్షన్లు నాలుగు, ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి కూడా తీసుకోవచ్చు. ఆ నాలుగూ యాజమాన్యాలకే. విద్యార్థులకు మిగిలినవి రెండు: లాఠీ, రాయి.