కుక్కకు కాపలా

సంక్రాంతికి ప్రయోగముగా నడపిన పథకము ఘనవిజయము సాధించినదనియు, కావున దానిని వేసవి సెలవులకును విస్తరించుచున్నామనియు మా నివాస సముదాయపు సంక్షేమ సంఘమువారు లిఫ్టులో అద్దము ప్రక్కన అంటించిన ప్రకటనను కూకట్‌పల్లి మొదలు నిజాంపేట వరకు చదువనివారుండరు. ఏలనన చుట్టుప్రక్కల సముదాయములవారు సైతము దానినే శీర్షిక మార్చి తమ తమ గోడలకు అతికించుకొనియున్నారు. ధరలు కొంచెము పెరిగినవి. శునకమునకు దినమునకు 300 రూపాయలు, మార్జాలమునకు 150, చిలుకలకును చేపలతొట్టికిని కలిపి 60. అమెరికాలోని మనుమలను చూడబోయి ఆఱు నెలలవరకు మరలిరాని దంపతులకు నెలవారీ రాయితీ కలదు. సంరక్షకులు పదమూడేండ్లు నిండినవారై, ఇదే సముదాయమున నివసించు పిల్లలై యుండవలెను. పత్రమునకు శిరోభాగమున ఎఱ్ఱని అక్షరములతో “బాధ్యత, డబ్బు విలువ, మూగజీవాలపై ప్రేమ: ఒక్క సెలవులో మూడు పాఠాలు” అని యున్నది.

మూడు పాఠములను ఒక్క సెలవులో నేర్పు పాఠశాల భరతఖండమున ఇంతకు పూర్వము వెలసినట్లు నేనెఱుగను. మన ఋషులు గురుకులములందు పండ్రెండేండ్లు ఆవులు కాయించి గాని శిష్యునకు ఒక్క మాట చెప్పెడివారు కారు. వారికి రేటు కార్డు వేయుట తెలియదు. ఇంటర్మీడియటు చదువు కొడుకును నీళ్ల డబ్బా ఎత్తుమన్నచో ఎప్‌సెట్ ర్యాంకు జారిపోవునని గుండె బాదుకొను తండ్రియే, వాడు చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసికొని పరుల కుక్క వెనుక సంచి పట్టుకొని నడచుచుండగా బాల్కనీలో నిలుచుండి, “ఎంటర్‌ప్రెన్యూర్ అవుతాడండీ మావాడు” అని నాతో అనెను. సొంత యింటిలో నాయనమ్మ మందుబిళ్లలు ఏ వేళకు వేసికొనునో ఆ బాలునకు తెలియదు. తెలిసికొన్నచో దినమునకెంత యిత్తురో సంఘమువారింకను ప్రకటింపలేదు.

పదునాలుగేండ్లు నిండని బిడ్డను కూలికి పెట్టరాదని 2016లో సవరించిన చట్టము చెప్పుచున్నది. సంఘపు కార్యవర్గమున విశ్రాంత ప్రభుత్వోద్యోగులకు కొదువలేదు. పదమూడను అంకెను వారెవ్వరును రెండవమారు చూచినట్లు లేదు. పెంపుడు కుక్కలను నిషేధించు అధికారము నివాస సంఘములకు లేదని, మెజారిటీ తీర్మానము చేసినను చెల్లదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే స్పష్టపఱచెను గదా! వెడలగొట్టలేని కుక్క మీద వాణిజ్యము చేయవచ్చునను జ్ఞానోదయము ఆ నిస్పృహ నుండి కలిగియుండును.

ఇవన్నియు సహింపవచ్చును. నేను సహింపలేనిది రుజువు ఫోటో.

సంరక్షకుడు ప్రతిపూటకును నాలుగు ఛాయాచిత్రములు పంపవలెను. ఆహారము గిన్నెలో వేయుచుండగా ఒకటి. శునకము తినుచుండగా ఒకటి. ఖాళీ గిన్నె ఒకటి. నాలుగవది బహిర్భూమికి సంబంధించినది గనుక దానిని గూర్చి మర్యాదస్థులు చదువు పత్రికలో వ్రాయుటకు నాకు చేయిరాదు, కాని అదియు తేదీ, గంట, నిమిషము ముద్రపడునట్లు తీయవలెనని నిబంధన స్పష్టముగా నున్నది. ఒక్కొక్క ఫోటో తప్పినచో పది రూపాయలు కోత. గడ్డపార పట్టి మండుటెండలో మట్టి త్రవ్వు ఉపాధి హామీ కూలీకి 2023లో విధించిన హాజరు పద్ధతిలోనైనను దినమునకు రెండు ఫోటోలే. అతడు పని యెగవేయుననుకొన్న సర్కారుకంటె, ప్రక్క యింటి బిడ్డ గిన్నె నింపడని శంకించు మా ఎదురు ఫ్లాటువారు రెట్టింపునకు మించి జాగరూకులు.

ఆ ఎదురు ఫ్లాటునందే బ్రూనో అను లాబ్రడార్ శునకము కలదు. దాని యజమానులు మొన్నటి భోగికి రెండు దినములు ముందుగనే పంతంగి టోల్‌గేటు రద్దీని తప్పించుకొనవలెనని తెల్లవారుజామున భీమవరము దారి పట్టిరి. పోవుచు హాలులో టీవీ పైన ఒక కెమెరాను నిలిపిపోయిరి. ఇది చూచుటతో తృప్తిపడు కెమెరా కాదు, మాటలాడునది. యజమానురాలు అక్కడ ఫోనులో పలికిన పలుకు ఇక్కడ గోడమీదినుండి వినవచ్చును. కనుమనాటి మధ్యాహ్నము నేను తలుపు తీసి, ఎదుటి తలుపు బార్లా తెఱచి యుండుట చూచి నిలుచుంటిని. గోడ “బ్రూనో! నాన్నా! తిన్నావా నాన్నా? ఇటు చూడు నాన్నా!” అని అఱచుచున్నది, ఆ అఱపు వెనుక కోడిపందెపు బరి కోలాహలము, మైకులో ఎవరిదో కేక, ఈలలు. గిన్నెలో మూతి పెట్టియున్న కుక్క అదరిపడి తలయెత్తి, టీవీ వెనుకకు పోయి గోడను మూచూచి, చెప్పుల అర వాసన చూచి, మంచము క్రింద దూరి వెలికివచ్చి, చివరకు గుమ్మము కడ కూలబడి లిఫ్టు వంక చూచుచు సన్నగా మూలుగనారంభించెను. గిన్నెలోని తిండి అట్లే యున్నది.

“అంకుల్, మేడం మాట్లాడిన ప్రతిసారీ ఇంతే. తిండి మానేస్తోంది. ప్లగ్గు పీకేద్దామంటే నా డబ్బులు కట్ చేస్తారు” అని సంరక్షక బాలుడు చెప్పెను. వాని చేతిలో ఫోను సిద్ధముగా నున్నది. ఖాళీ గిన్నె ఫోటోకు వేళ మించుచున్నది. కొంతసేపు గిన్నె వంకను, కుక్క వంకను చూచి, వాడు గిన్నెలోని దానిని చెత్తబుట్టలో బోర్లించి, గిన్నె తుడిచి, ఫోటో తీసి పంపెను. అవతలి నుండి రెండు హృదయపు గుర్తులు వచ్చినవి.

బాధ్యతాపాఠము ఇట్లు పూర్తియైనది. పిమ్మట వాడు ఇంకను పురోగమించి, ఫోనులో గడియారమును ముందు వెనుకలకు త్రిప్పి, ఉదయము ఒక్కమారే మూడు పూటల గిన్నెలను చిత్రించుట నేర్చెను. వానిని నేను తప్పు పట్టను. పని నమ్మక, పనికి సాక్ష్యమును మాత్రము నమ్ము యజమానికి తగిన పనివాడు లభించును. పది రూపాయల కోతలతో వానికి చేయుట మాని చూపుట నేర్పిన పెద్దలు, రేపు వాడు ఇంజనీరై కట్టని కాలువకు కొలతలపుస్తకము నింపినప్పుడు పత్రికలకు ఉత్తరములు వ్రాయకుందురు గాక.

కుక్క ఆకలితో గుమ్మము కడ కూర్చున్న ఆ దినము కనుమ. పశువుల పండుగ. ఆ దినమున దొడ్డిలోని గొడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, ఏడాది పొడుగున చాకిరి చేసిన నోరులేని ప్రాణికి మనుష్యుడు చేతులు జోడించుట మన ఆచారము. కనుమనాడు కాకియైనను కదలదని సామెత. మా ఎదురింటివారు కదలి మూడువందల కిలోమీటర్లకు పైగా పోయి, ఇతరుల ఎద్దుల ప్రక్కన నిలుచుండి ఫోటోలు తీయించుకొని, “మూగజీవాల పట్ల మన సంస్కృతి గొప్పది” అను వాక్యముతో ప్రపంచమునకు పంపిరి. వారి సొంత మూగజీవము ఆ ఫోటోలలో లేదు. కారులో చోటు చాలలేదట. ఏడుగురు కూర్చుండు కారు అది. పోవునప్పుడు ముగ్గురు పోయిరి, వచ్చునప్పుడు బియ్యపు బస్తా, అరిసెల డబ్బా, పచ్చళ్లు, రెండు పనసకాయలు వచ్చినవి. రైలులో కొనిపోవ వీలులేదాయందురా? మొదటి తరగతి ఏసీ కూపేను మొత్తముగా తీసికొన్నచో కుక్కను వెంట నుంచుకొనవచ్చును. ఆ స్తోమత లేనివారికి బ్రేకువ్యానులో దాని కొఱకు పెట్టె కలదు. వీలున్నది. వ్యయప్రయాసలు కూడ నున్నవి. ఆ వ్యయప్రయాసలకు మాఱుగా దొరికిన చవుక వస్తువు ప్రక్కింటి కుఱ్ఱవాడు.

ఇక్కడితో నాకు నవ్వు ఆగిపోవుచున్నది.

పదునైదేండ్ల పిల్లవానికి ముప్పది కిలోల జంతువు నప్పగించి, తాళపుచెవి చేతిలో పెట్టి, మీరు పండుగకు పోయినారు. అది కఱచినచో ఏమి చేయవలెనో వానికి చెప్పినారా? టీకాలు వేయించిన కుక్కయైనను మన దేశమున కాటును తేలికగా విడువరాదని, వెంటనే సబ్బునీటితో గాయమును పదునైదు నిమిషములు కడిగి వైద్యుని కడకు పోవలెనని మీరు వ్రాసియిచ్చిన పత్రమున నొక పంక్తి యున్నదా? సూది మొదటినాడు, మూడవనాడు, ఏడవనాడు, పదునాలుగవనాడు, ఇరువదియెనిమిదవనాడు వేయుదురు. మీ పండుగ మూడు దినములు. ఏసీ ఇరువదినాలుగు డిగ్రీలకు మించరాదని వ్రాసినారు. రాత్రి నిదురకు ముందు ఏ పాట పెట్టవలెనో వ్రాసినారు. బిస్కట్టు ఏ కంపెనీదో, ఎన్ని ముక్కలు చేయవలెనో వ్రాసినారు. పశువైద్యుని ఫోను నంబరు వ్రాయలేదు. కుక్కకు ఏది విషమో వ్రాయలేదు. మీ ప్రేమ అంతయు అలంకారములందే యున్నది. ప్రాణమునకు సంబంధించిన చోట కాగితము ఖాళీ.

తిండి నీరు లేక జంతువును మాడ్చినను, నిష్కారణముగా విడిచిపోయినను 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము తొలి తప్పునకు జరిమానా పది రూపాయలకు తక్కువ గాక యాభై రూపాయలకు మించక యుండును. మా సముదాయమున కారు గీత దాటి నిలిపినచో అయిదువందలు. చట్టము ముసలిదైనది, నిజమే. దాని వెనుక దాగు మనము ముసలివారము కాకున్నను సిగ్గు విడిచినవారము.

కుక్కను గూర్చి వ్రాయు ప్రతివాడును ధర్మరాజును స్వర్గద్వారమునుండి వెనుకకు పిలుచుట పరిపాటియైనది, నేనాయనను శ్రమపెట్టను. నాకు తలపునకు వచ్చునది ఆదిపర్వమునందలి సరమ. ఏ తప్పును చేయని తన కూనను జనమేజయుని తమ్ములు కొట్టిరని విని ఆ దేవతాశునకము నేరుగా యాగశాలకు నడచి, రాజును నిలదీసి, అనుకొనని భయము నీకు కలుగునని శపించి మరి వెడలినది. మా సముదాయమునకు అట్టి బాధ లేదు. తల్లులను వాచ్‌మన్ గేటు కడనే ఆపును.

పూర్వకాలమంతయు బంగారమని నేననను. పల్లెలో కుక్కకు ఎంగిలి మెతుకులును, రాతిదెబ్బలునే గతి. దానికి పేరు పెట్టిన యిల్లే అపురూపము. కాని ఇల్లు తాళము వేసి ఊరు పోవువారు పాడిగేదెను ప్రక్కింటివారి కప్పగించినప్పుడు, ఆ నాలుగు దినముల పాలు వారివే. తిరిగివచ్చి పాలకు లెక్క అడిగినవానితో ఊరు మాటలాడదు. ఆ ఋణము ఎప్పుడో వారి యింటి పెండ్లికి విస్తళ్లు కుట్టుటతోనో, చావునకు భుజము పట్టుటతోనో తీరుచుండెను, తీరీతీరకయు నుండెను. మూడువందలు పాఱవేసి ఇప్పుడు మనము కొనునది కుక్కకు కాపలా కాదు, ఆ ఋణమునుండి విడుదల. పైకము ముట్టినది, ఇక మీకును మాకును ఏమియు లేదు. కుఱ్ఱవానికి జ్వరము వచ్చినచో ఎవరును పలుకరింప నక్కఱలేదు. అందులకే అది అంత ప్రియముగా నున్నది.

కనుమ రాత్రి సంగతి చెప్పి విరమింతును. సంరక్షక బాలుని తల్లి మంచియిల్లాలు. పండుగపూట నోరులేనిది ఆకలితో నున్నదని జాలిపడి, ఉల్లిపాయలు తరిగి వేసిన మినపగారెలు ఒక పళ్లెమునిండ కుక్కకు పంపెను. మనుష్యుడు పెట్టినదని అది ఆత్రముగా తినెను. ఉల్లి కుక్కల రక్తములోని ఎఱ్ఱకణములను చెఱచునని ఆ యిల్లాలికి ఎట్లు తెలియును? తెలిసిన యజమానులు చెప్పలేదు. రాత్రి కుక్క పదేపదే వాంతి చేసికొనెను. బాలుడు వణకుచు నా తలుపు తట్టెను. భీమవరమునకు ఫోను మ్రోగి మ్రోగి ఆగెను. ఇద్దఱమును దుప్పటిలో దానిని మోసి ఆటోలో వేసికొని, మూసియున్న వైద్యశాలలను దాటి దాటి, తెఱచియున్న దానిని కనుగొనునప్పటికి అర్ధరాత్రి దాటెను. సెలైను ఎక్కుచున్నంతసేపు వాడు దాని చెవి పట్టుకొని నేలమీద కూర్చుండెను. ఆ గంటలలో వాడు ఒక్క ఫోటోయు తీయలేదు.

కుక్క బ్రతికినది. యజమానులు వచ్చిరి, అరిసెలు పంచిరి. వైద్యశాల బిల్లు నాలుగువేల చిల్లర. నిబంధనలలో ఏడవదాని ప్రకారము బయటి తిండి పెట్టరాదు గనుక, అందు సగము బాలుని తండ్రి భరింపవలెనని సంఘము ఎదుట వాదించిరి, సంఘము అది న్యాయమే యన్నది. కుఱ్ఱవాని కూలి లెక్క కాగితముపై వ్రాసి యిచ్చిరి. అందులో కనుమ రాత్రికిని మఱునాటి ఉదయమునకును ఎదురుగా, రుజువులు అందలేదని వ్రాసి, ఎనిమిది ఫోటోలకు ఎనుబది రూపాయలు కోసియుండెను.