కజ్జికాయ వాక్యానికి టీక

మూలము: "ఒలే, అంచు ఇడిపోతే నూనంతా నల్లగైపోద్ది, సూసి ఒత్తు."

అవతారిక: బిలాస్‌పూర్, దయాల్‌బంద్. హోళీ ముందటి సాయంత్రం. రైలు ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన ఒక ఇంటి వంటగదిలో అత్తగారు ఈ వాక్యం సెలవిచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరు పోయింది. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే అనే కొత్త జోన్‌కు ఈ ఊరే కేంద్రమైంది. వాక్యం మాత్రం యాస వదల్లేదు.

ప్రతిపదార్థము: ఒలే = ఓ అమ్మాయీ. గదిలో ఇద్దరు కోడళ్లూ ఒక కూతురూ ఉన్నందున ఇది ఎవరికి చెందుతుందో తేల్చడం కష్టం. ముగ్గురూ పక్కవారికే అన్వయించారు.

అంచు = పూరీలో పూర్ణం పెట్టి మడిచాక రెండు పొరలూ కలిసే చోటు. ఇక్కడ కాస్త ఆగాలి. పూర్ణం దగ్గర శాఖాభేదాలు ఉన్నాయి. ఈ ఇంటిది కొబ్బరి, బెల్లం. పక్కింటి ఛత్తీస్‌గఢీవారి కుస్లీలో రవ్వ. ఉత్తరాదివారి గుజియాలో కోవా. ఎవరి శాఖ వారికే ప్రమాణం. మూలకర్త్రి అసలు పూర్ణం ఊసే ఎత్తలేదు. అది మరుపు కాదు. పూర్ణం బాగోలేకపోతే ఆ కాయ తిన్నవాడికే నష్టం. అంచు విడితే ఆ వాయికీ, తర్వాతి వాయిలకీ కూడా. కొబ్బరిలో మిగిలిన తడి వేడికి ఆవిరై లోపలి నుంచి తోస్తుంది, అతుకు బలహీనంగా ఉన్నచోట నోరు తెరుస్తుంది, కారిన బెల్లం మూకుడు అడుగున మాడుతుంది. కొబ్బరికోరూ బెల్లమూ దగ్గరపడేదాకా ఉడికించమనడం, అంచుకు పాలతడి రాయమనడం ఇందుకే.

నల్లగైపోద్ది = భవిష్యత్కాలం. పోయినేడు జరిగినదాన్ని బట్టి భూతకాలమని కూడా కొందరు.

శంక: నూనెతో పనిలేని కాయల సంగతి? యూదులు పూరీం పండుగకు హామంతాషెన్ చేస్తారు. గసగసాల ముద్ద పెట్టి, మూడు మూలలు నొక్కి, ఓవెన్‌లో కాలుస్తారు. తమను చంపించబోయి తానే ఉరికెక్కిన హామాను పేరు మీద తినేది గనక ఇజ్రాయెల్‌లో వాటిని హామాను చెవులంటారు. ఆ కథ చెప్పే ఎస్తేరు గ్రంథం మొదట్లోనే కథలోని రాజు ఏలుబడి హిందూదేశం నుంచి కూషు దాకా 127 సంస్థానాలని ఉంది. దయాల్‌బంద్ అందులోకి వస్తుందో రాదో ఈ వ్యాఖ్యాత తేల్చడు. హోళీ, పూరీం పండుగలు మాత్రం దగ్గరదగ్గరే. 2025లో రెండూ మార్చి 14నే పడ్డాయి. కొంకణపు బెనె ఇజ్రాయెల్ యూదులైతే పూరీమును హోళీ పండుగ పేరుతోనే పిలుచుకునేవారు. మరి నూనె లేనిచోట ఈ వాక్యం చెల్లుతుందా?

సమాధానము: చెల్లుతుంది. నూనె ఇక్కడ ఉపలక్షణం. మూలలు సరిగా నొక్కకపోతే హామంతాషెన్ కూడా వేడికి విచ్చుకొని చదునవుతుంది, గసగసాల ముద్ద పొంగి ట్రే మీద మాడుతుంది. ఒక్క తేడా ఉంది: దాని నడిమి భాగం తెరిచే ఉంటుంది, ఆవిరికి దారి దొరుకుతుంది. కజ్జికాయకు ఆ కిటికీ లేదు. కనుక ఓవెన్‌వారికి ఈ వాక్యం సలహా, మూకుడువారికి శాసనం.

సూసి = చూసి. దేన్ని? కజ్జికాయల చెక్క మూసే ముందు అంచులో కొబ్బరికోరు ఇరుక్కుందేమోనని. ఒక్క పోగు చాలు, పిండి అతకదు. మడత గుండ్రంగా వచ్చిందో లేదో చూడమని చెప్పడం అందం కోరేవారి వ్యాఖ్య, గ్రాహ్యం కాదు.

ఒత్తు = చెక్కతో ఒత్తు. చేత్తో అంచు అల్లగలవారికి చెక్క అక్కర్లేదు. ఈ ఇంట్లో అలా అల్లేది అత్తగారొక్కరే, ఆమె పొయ్యి దగ్గర ఉన్నారు.

తాత్పర్యము: పూర్ణం తక్కువ పెట్టు. ఈ అర్థం మూలంలో ఏ పదానికీ లేదు. అయినా చిన్నకోడలు మారుమాట్లాడకుండా పెద్ద చెంచా పక్కనపెట్టి టీచెంచా అందుకుంది.