పంచదార బిళ్లకు పద్మశ్రీ

మొన్న పెళ్లిలో తలంబ్రాల వేళకి మా అక్క శుభలేఖతో విసురుకుంటోంది. ఏసీ హాలు. పక్క కుర్చీల్లో వాళ్లు చలికి కొంగులు కప్పుకున్నారు. అక్క మొహం మాత్రం పొయ్యి మీంచి అప్పుడే దించినట్టుంది. జాకెట్టు వీపంతా తడి. ముట్లుడిగే వయసులో వచ్చే ఆవిరి అని తేల్చడానికి మా చుట్టాలకు అర నిమిషం పట్టింది. మందు చెప్పడానికి అంతసేపు కూడా పట్టలేదు.

“అవిసె గింజలు దోరగా వేయించి పొడి కొట్టుకో వదినా.” “శతావరి లేహ్యం తినవే, నెల తిరక్కుండా గుణం.” డల్లాస్ కోడలు పంపిన ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ క్యాప్సూళ్లు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బయటికే వచ్చాయి. అన్నిటికీ సాక్ష్యం ఒకటే: “నాకు తగ్గింది!”

తగ్గదా మరి? హార్మోన్ మాత్రల మీద జరిగిన ట్రయల్స్‌ని కోక్రేన్ సంస్థ 2004లో ఒకచోట కలిపి లెక్కేసింది. అందులో మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకే ఆవిర్లు సుమారు 58 శాతం తగ్గాయి. కొంత నమ్మకం, కొంత కాలం. వాటంతటవే సద్దుమణిగే ఆవిర్లకు ఆ నెల ఏది మింగితే అదే ధన్వంతరి. కాబట్టి ప్రభుత్వం వారికి నా విన్నపం: ఈసారి వైద్య విభాగంలో పద్మశ్రీ పంచదార బిళ్లకి ఇప్పించండి.

దాని దిగ్విజయ యాత్ర చూడండి. 1994లో బ్రిటన్‌లో 56 మంది మీద పరీక్షిస్తే ప్రిమ్‌రోజ్ నూనె దాన్ని దాటలేకపోయింది. ఆస్ట్రేలియాలో 327 మందితో చేసిన ఆక్యుపంక్చర్ ట్రయల్‌లో అసలు సూదికీ, ఒంట్లో దిగని మొండి సూదికీ ఫలితం ఒకటే. అమెరికాలో 188 మందిలో సగం మంది ఆరు వారాలు రోజుకో అవిసె బార్ తిన్నారు, మిగతా సగం అవిసె లేని బార్ తిన్నారు. రెండు వైపులా మూడోవంతుకు పైగా మందికి ఆవిర్లు సగానికి దిగాయి. రెండు వైపులా పొట్ట ఉబ్బరాలూ వచ్చాయి. విటమిన్ ఇ కొంచెం నయం, పంచదార బిళ్ల కన్నా రోజుకి ఒక ఆవిరి ఎక్కువ తగ్గించింది. పది వచ్చేవాళ్లకి తొమ్మిది! ఇక అయస్కాంతాలు కట్టి చూసిన ఒక చిన్న ట్రయల్‌లో ఉత్తుత్తి అయస్కాంతమే అసలుదాని కన్నా బాగా పనిచేసింది. పాపం, దాని పరువేం కావాలి?

ఈ వ్యాపారం నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1875లో అమెరికాలోని లిన్ ఊళ్లో లిడియా పింకమ్ అనే ఆవిడ ఆడవాళ్ల బాధలన్నిటికీ ఒక సీసా అమ్మింది. అందులో మన మెంతులున్నాయి, బ్లాక్ కోహోష్ వేరుంది, సుమారు 18 శాతం ఆల్కహాలూ ఉంది. మొగుడు తాగితే సారా, పెళ్లాం తాగితే కషాయం. ఆవిడ 1883లో పోయింది. అయినా “మీ బాధలు పింకమ్ గారికి రాయండి” అని ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. చివరికి 1905లో ఒక పత్రిక ఆవిడ సమాధిరాయి ఫొటో అచ్చేసింది. మన యూట్యూబ్ వైద్యుడు బతికైనా ఉన్నాడు. ఆ మేరకు ప్రగతే.

మనకీ 1954 నాటి చట్టం ఉంది, ఆడవాళ్ల జబ్బులకు మందులని ప్రకటనలివ్వకూడదని. పొద్దున్నే టీవీ పెట్టే అలవాటు దానికి లేదనుకుంటా.

అలాగని కత్తి పట్టినవాళ్లు బుద్ధిమంతులని కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల వాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. పనిలో పనిగా అండాశయాలూ తీసేస్తే, రావలసిన వయసు రాకుండానే ఆవిర్లు ఇంటికొస్తాయి. వాటి వెనకే లేహ్యం.

పంచదార బిళ్లని చిత్తుగా ఓడించిన మందు లేదా అంటే, ఉంది. హార్మోన్ మాత్ర. ఉత్తుత్తి మాత్ర తగ్గించగా మిగిలిన ఆవిర్లలో కూడా మూడొంతులు తగ్గించింది. అదీ ఊరికే రాదు: 2002లో ఆపేసిన అమెరికా పరీక్షలో, రెండు హార్మోన్లు కలిపి వాడిన పదివేల మందిలో ఏడాదికి 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. అవి పడనివాళ్లకు కొన్ని డిప్రెషన్ మందులు, గాబాపెంటిన్, 2023లో అమెరికాలో అనుమతి పొందిన ఫెజోలినెటాంట్, సీబీటీ అనే మాటల చికిత్స ఉన్నాయి. ఎవరికేది సరిపోతుందో డాక్టరు ఎదురుగా కూర్చుని తేల్చుకోవాలి. మా చుట్టాలకు అదే నచ్చలేదు. గింజల్లేని వైద్యమేమిటని.

“రేపు డాక్టరు దగ్గరికెళ్దాం అక్కా” అన్నాను.

“హార్మోన్లా!” అని ఉలిక్కిపడ్డారు బావగారు. “క్యాన్సర్ వస్తుందట. తెలిసి తెలిసి ఎవరైనా ఒంట్లో విషం వేసుకుంటారా?”

అని, జేబులో సిగరెట్ పెట్టె తడుముకుంటూ హాల్లోంచి బయటికెళ్లారు.