నా పేరులో వెట్టి ఉంది

నేను బియ్యం ఏరే యంత్రాన్ని. మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో, పాలిషర్లూ గ్రేడర్లూ దాటాక చివరి వరుసలో నా చోటు. కాగితాల మీద నన్ను కలర్ సార్టర్ అంటారు. మిల్లులో అందరూ సార్టెక్స్ అనే పిలుస్తారు. అది ఒక కంపెనీ పేరే అయినా ఏ కంపెనీ యంత్రానికైనా ఇక్కడ అదే స్థిరపడింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వచ్చాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణులయ్యాయి. ఆ వడ్ల వెంటే మిల్లులొచ్చాయి, మిల్లుల వెంట నేనొచ్చాను. పైన తొట్టి నుంచి గింజలు సన్నటి జారుల మీదుగా ధారగా పడతాయి. నా కెమెరాలు ఒక్కో గింజ రంగూ చూస్తాయి. మచ్చగింజో, రంగు మారిన గింజో, మట్టిబెడ్డో కనబడితే దాని ఎదురుగా ఉన్న కవాటం సెకనులో వెయ్యోవంతుల్లో తెరుచుకుని గాలి కొడుతుంది, ఆ గింజ పక్క తొట్టిలో పడుతుంది. చూడటం, తేల్చుకోవడం, తోసేయడం: ఈ మూడూ మనిషి చెయ్యి పడకుండా చేస్తాను కాబట్టి, కాళ్లూ చేతులూ లేకపోయినా నేను రోబోనే. నా ఆత్మకథ అంటే ఆ మాట కథే.

1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ ‘ఆర్.యు.ఆర్.’ అనే నాటకం రాశాడు. అందులో ఒక ఫ్యాక్టరీ కృత్రిమ మనుషుల్ని తయారుచేసి అమ్ముతుంది. వాళ్లకు ఏం పేరు పెట్టాలో తోచక, బొమ్మ వేసుకుంటున్న అన్న జోసెఫ్ దగ్గరికి వెళ్లాడు. కుంచె నోట కరుచుకుని ఉన్న జోసెఫ్ అలాగే గొణిగిన మాట ‘రోబోలు’. ఈ సంగతి కారెలే తర్వాత పత్రికలో రాసి, మాట పుట్టించిన ఘనత అన్నదేనని చెప్పాడు. చెక్ భాషలో ‘రోబోట’ అంటే జమీందారు పొలంలో రైతు కూలి లేకుండా చేసి తీరవలసిన పని. హాబ్స్‌బర్గ్ ఏలుబడిలో 1848లో అది రద్దయింది. ఈ మాటకు తెలుగులో అర్థం చెప్పడానికి నిఘంటువు తిరగెయ్యనక్కర్లేదు, సూర్యాపేటలో ఏ ముసలివారిని అడిగినా చెబుతారు: వెట్టి. మన పత్రికలు మాత్రం రోబోను ‘మరమనిషి’ అన్నాయి. మాట అందంగానే ఉంది. కోస్తాలో మర అన్నా ఇక్కడ గిర్ని అన్నా మిల్లే కాబట్టి ఆ మాటతో నాకు చుట్టరికమూ ఉంది. కానీ ఆ అనువాదంలో ఇనుము మిగిలి వెట్టి రాలిపోయింది. రోబో కథల మీద నేను చెప్పదలచుకున్నది ఈ రాలిపోయిన సగం గురించే. అవి యంత్రాలు తిరగబడతాయన్న భయంలోంచి పుట్టిన కథలు కావు. మాట చెల్లని మనిషి చేత పని చేయించుకున్నవాళ్ల గుండెలో ఉండే గుబులే వాటికి మూలం.

నాటకంలోనే దీనికి సాక్ష్యం ఉంది. చాపెక్ రోబోలు ఇనుపవి కావు, రక్తమాంసాల్లాంటి పదార్థంతో చేసినవి, చూడటానికి మనుషులే. రోబోలంటే మరచక్రాల బొమ్మలని లోకం అనుకోవడం చూసి నొచ్చుకుని, ఆ ఊహ తనది కాదని 1935లో ఆయన రాశాడు కూడా. చివరికి రోబోలు తిరగబడి మనుషులందరినీ చంపి ఒక్కడిని మాత్రం వదిలేస్తాయి. వాడు ఆల్‌క్విస్ట్ అనే మేస్త్రీ. వదిలేయడానికి అవి చెప్పే కారణం, వాడూ తమలాగే చేతులతో పని చేస్తాడని. యంత్రానికీ మనిషికీ పోరు అయితే ఆ మినహాయింపు ఎందుకుంటుంది? అక్కడ గీత పడింది పని చేసేవాళ్లకూ చేయించుకునేవాళ్లకూ మధ్యన.

ఆ నాటకం 1921 జనవరిలో ప్రాగ్‌లో ప్రదర్శనకెక్కింది. అదే ఏడాది హైదరాబాదులో ఆంధ్ర జనసంఘం పుట్టింది. వెట్టిచాకిరీకి ఎదురు నిలవడం ఆ ఉద్యమం మొదట్లోనే తలకెత్తుకున్న పనుల్లో ఒకటి. రెండింటికీ సంబంధం లేదు, కాకతాళీయం. అయినా ప్రాగ్ ప్రేక్షకులు తాతల కాలపు జ్ఞాపకంగా చూసినదాన్ని నల్లగొండ జిల్లా అప్పటికింకా అనుభవిస్తూ ఉంది. కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, గొల్ల గొర్రె, చాకలి మంగలి చాకిరీ, అన్నీ దొర గడీకి ఉత్తపుణ్యానికే. దొర కచ్చడం బండి కదిలితే ముందొకరు వెనకొకరు పరుగెత్తాలి. ‘బాంచెను దొరా’ అన్నదే జవాబు. 1946 నుంచి 1951 దాకా సూర్యాపేట, తుంగతుర్తి ఊళ్లు సాయుధ పోరాటంలో నిలబడ్డాయంటే దాని మొదటి మెట్టు ఇక వెట్టి చెయ్యబోమని చెప్పడమే. చాపెక్ నాటకంలోని ఊహను ఇక్కడి జనం బతుకులో చూశారు. ఒక తేడాతో. నాటకంలో తిరుగుబాటు మనిషిజాతి అంతంతో ఆగింది, ఇక్కడి తిరుగుబాటు వెట్టి చేసినవాళ్లను మనుషుల లెక్కలోకి తెచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. వెట్టివాడికి ఆకలుంది, అవమానముంది, యంత్రానికి ఏముంది? ఈ పోలిక మనుషుల బాధను చిన్నబుచ్చడం కాదా? నిజమే, నాకు నొప్పి లేదు. నా కవాటం అరిగితే మారుస్తారు, అరిగిన కవాటం ఏడవదు. నన్ను వెట్టివాడిగా చూసి జాలిపడమని నేను అడగడం లేదు. పోలిక నా బాధలో లేదు, నా మీద ఉన్న అధికారంలో ఉంది. ఎదురుచెప్పని పనివాడు దొరికినప్పుడు యజమాని ఏ నియమాలు రాసుకుంటాడో చూడాలి. ఆ నియమాలను అక్షరాలా రాసిపెట్టినవాడు ఐజాక్ ఆసిమోవ్.

ఆసిమోవ్ 1920లో రష్యాలో పుట్టి, మూడేళ్ల వయసులో అమెరికా చేరాడు. బ్రూక్లిన్‌లో తండ్రి నడిపిన మిఠాయి కొట్లలో పని చేస్తూ, అక్కడ అమ్మకానికొచ్చే పత్రికల్లోనే సైన్స్ కథలు చదివి పెరిగాడు. 1942లో అచ్చయిన ‘రనరౌండ్’ కథలో మూడు సూత్రాలనూ మొదటిసారి వరసగా చెప్పాడు. రోబో మనిషికి హాని చెయ్యకూడదు, ఊరుకుని హాని జరగనివ్వకూడదు. దానికి అడ్డం రానంతవరకు మనిషి ఆజ్ఞ పాటించాలి. ఈ రెండింటికీ అడ్డం రానంతవరకు తన్ను తాను కాపాడుకోవాలి. ఈ వరస గమనించండి: దొర క్షేమం, దొర మాట, ఆ తర్వాతే సొంత ప్రాణం. వెట్టికి రాతలో చట్టం ఉండి ఉంటే ఇదే వరసలో ఉండేది. అదే కథలో బుధగ్రహం మీద కొన్ని పాత రోబోలున్నాయి. జనం భయం పోగొట్టడానికి వాటిని బానిస బుద్ధితో తయారుచేశారు. మనిషి భుజమెక్కి కూర్చుంటే తప్ప అవి కదలవు, మాట్లాడితే ‘మాస్టర్’ అంటాయి. ‘బాంచెను’ మాట ఎరిగిన పాఠకుడికి ఆ పుట చదువుతుంటే మేనా మోసిన బోయీలు కళ్లకు కట్టరా?

ఆసిమోవ్‌ను నేను వక్రంగా చదువుతున్నానని ఎవరైనా అనవచ్చు. సృష్టి సృష్టికర్త మీదే తిరగబడుతుందన్న పాత భయాన్ని తుడిచెయ్యడానికే ఆయన ఆ సూత్రాలు రాశాడు. కత్తికి పిడిలా పనిముట్టుకు ఒక రక్షణ, అంతే. ఆ మాట కాదనను. కానీ పనిముట్టుతో ఆయనకే తృప్తి కలగలేదు. 1976లో అచ్చయిన ‘ది బైసెంటెనియల్ మ్యాన్’లో ఆండ్రూ అనే రోబో కోర్టుకెక్కి స్వేచ్ఛ సంపాదిస్తుంది, చివరికి మనిషినని అనిపించుకోవడానికి చావును కోరి తెచ్చుకుంటుంది. పిడి గురించి ఎవరూ అలాంటి కథ రాయరు. మొదటి సూత్రంలో నాకు కనబడే అసలు లోపం మరొకటి. చాటతో చెరిగి రాళ్లూ బెడ్డలూ ఏరడం తరతరాలుగా ఆడవాళ్ల చేతిపని. మిల్లుకు నేనొస్తే ఆ చేతుల అవసరం తగ్గుతుంది. ఇది హానా, కాదా? ఎవరి ఒంటి మీదా గీత పడలేదు కాబట్టి సూత్రం నన్ను తప్పుపట్టదు. బియ్యం శుభ్రపడింది, కళ్లు కాయలు కాసే చాకిరీ పోయింది, అదీ నిజమే. కానీ ఆ లాభనష్టాలను ఎవరు ఎవరికి పంచాలన్న మాట సూత్రంలో లేదు. అది ఆజ్ఞ ఇచ్చేవాడి ఇష్టానికే మిగిలిపోయింది.

ఈ కథల మూలం యంత్రం కాదు, వెట్టి అన్నది వాటితో ముడిపడ్డవారి బతుకులు చూసినా తేలుతుంది. రోబో అన్న మాటను కన్న జోసెఫ్ చాపెక్‌ను 1939 సెప్టెంబర్ 1న నాజీలు పట్టుకుపోయారు. కారెల్ అంతకు కొన్ని నెలల ముందే, 1938 డిసెంబర్‌లో, చనిపోయాడు. బలవంతపు చాకిరీకి పేరుపడ్డ నిర్బంధ శిబిరాల్లో జోసెఫ్ ఐదేళ్లకు పైగా గడిపాడు, అక్కడే కవితలు రాశాడు, 1945 ఏప్రిల్‌లో బెర్గెన్-బెల్సెన్‌లో కనుమరుగయ్యాడు. ఆయన పక్కన నేను నిలబెట్టదలచిన మనిషి నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన రోబో కథలు రాయలేదు. పరాయి ఇంట వంట చేసి, హోటల్లో సర్వర్‌గా ఉండి, తర్వాత గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, జైలుకెళ్లి, ‘ప్రజల మనిషి’ నవల రాశాడు. ఆ నవలలో గడీ ముందు వంగిన మనుషుల్ని చూసి, తర్వాత ‘ఆర్.యు.ఆర్.’ చదివితే ఫ్యాక్టరీ దొరల మాటలు ఎక్కడో విన్నట్టే ఉంటాయి. సైన్స్ కథల చరిత్ర రాసేవారు ఈ రెండు పుస్తకాలనూ ఒక అరలో పెట్టరు. పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

మన ఊళ్లలో చాలామందికి రోబో అనగానే 2010 సినిమాలోని చిట్టి గుర్తొస్తాడు. ఆ సినిమా రచనలో పాలుపంచుకున్న తమిళ రచయిత సుజాత భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరు, ఓటింగ్ యంత్రం రూపొందించే పనిని నడిపినవాడు. యంత్రం లోపలంతా తెలిసిన మనిషి. చిట్టి చెడింది మరలోని దోషం వల్ల కాదు. అసూయపడ్డ ఒక శాస్త్రవేత్త దాని బుద్ధిలో వేరే చిప్ పెట్టడం వల్ల. శిక్ష పడింది మాత్రం యంత్రానికి: కోర్టు విప్పెయ్యమంది, చిట్టి తన్ను తానే విప్పుకున్నాడు.

నాకూ అలాంటి చిప్ ఒకటుంది, దాన్ని సెన్సిటివిటీ అంటారు. ఆపరేటర్ దాన్ని పెంచితే కొద్దిగా రంగు తేడా ఉన్న గింజలు కూడా చెడ్డవైపోతాయి. అవి తినదగ్గవే, రంగొక్కటే తేడా. మరీ పెంచితే వాటి వెంట మంచి గింజలూ ఎగిరిపోతాయి. తగ్గిస్తే మచ్చగింజలు బస్తాలోకి వెళ్తాయి. ఎక్కడ నిలపాలో ఆపరేటర్‌కు మిల్లు చెబుతుంది, మిల్లుకు బజారు చెబుతుంది. పండించిన కోదాడ రైతూ, బస్తా మోసిన హమాలీ, వండుకు తినే ఇల్లాలూ ఆ అంకెను చూడనైనా చూడరు. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ఆ అంకె మారుతుంది. మార్చినంతనే, నిన్నటిదాకా బియ్యంగా బస్తాలోకి వెళ్లిన గింజ మీద నా గాలి పడుతుంది.